మలుపులో బ్రేకు వేయవచ్చా?

మా మేనకోడలికి లైసెన్సు వచ్చి రెండు నెలలైంది. ఒడిశాలోని జయపురం వీధుల్లో, ఊరి బయట చదును రోడ్డు మీద కారు నేర్చుకుంది. సంక్రాంతికి సెమిలిగుడ నుంచి బయలుదేరి, పొట్టంగి దాటి, సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా విజయనగరం వెళ్లాలి. ఈసారి కారు తానే నడుపుతానంది. ఇంట్లో తలా ఒక సలహా ఇచ్చారు. "మలుపులో బ్రేకు ముట్టుకోవద్దు" అన్నారు ఒకరు. "ఘాట్ దిగినంతసేపూ బ్రేకు మీద కాలు తీయవద్దు" అన్నారు ఇంకొకరు. ఒకప్పుడు లారీ నడిపిన పెద్దాయన "బ్రేకును కాదమ్మా, గేరును నమ్ముకో" అన్నారు. మోటారు సైకిలు మీద తిరిగే మా తమ్ముడు "ముందు బ్రేకు జోలికి పోతే పల్టీయే" అని తన అనుభవం చెప్పాడు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి అడిగింది: "మామయ్యా, వీళ్లలో ఎవరి మాట నిజం?"

ప్రతి మాటలోనూ కొంత నిజముంది. ఏ మాట ఎక్కడిదాకా నిజమో, ఎందుకు నిజమో చెప్పేవారు లేకపోవడమే అసలు చిక్కు. కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో ఉండే మన తెలుగువాళ్లకు ఘాట్ రోడ్డు తప్పనిది. చుట్టాల ఇంటికైనా, ఆసుపత్రికైనా, శంబర జాతరకైనా కొండ దిగాల్సిందే. లైసెన్సు కోసం ఎనిమిది అంకె తిప్పినంత మాత్రాన ఆ కొండ దిగడం రాదు. అందుకే ఆమెకు చెప్పినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట టైరు సంగతి. కారుకూ రోడ్డుకూ ఉన్న సంబంధమంతా నాలుగు టైర్ల అడుగుభాగమే. ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు ఒక అరచేయంత. వేగం పెరగాలన్నా, తగ్గాలన్నా, బండి పక్కకు తిరగాలన్నా ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే జరగాలి. ఆ పట్టుకు హద్దుంది. మంచి తారు రోడ్డు పొడిగా ఉన్నప్పుడు బండి బరువులో పదింట ఏడెనిమిది పాళ్ల దాకా పట్టు దొరుకుతుంది. రోడ్డు తడిస్తే అది సగానికి పడిపోవచ్చు. గులకరాళ్లు, ఇసుక ఉన్నచోట ఇంకా తక్కువ.

కొరాపుట్ చలిలో పొట్టి దుప్పటి కప్పుకుని పడుకున్నవారికి ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. తలకు లాక్కుంటే కాళ్లు బయటపడతాయి, కాళ్లకు కప్పితే తల బయటపడుతుంది. టైరు పట్టు అలాంటి దుప్పటి. ఉన్న పట్టంతా బ్రేకుకే వాడేస్తే తిరగడానికి మిగలదు. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా బండి నేరుగా లోయ వైపే పోతుంది. "మలుపులో బ్రేకు వద్దు" అన్న మాట పుట్టింది ఇక్కడే.

అయితే ఈ పట్టు మామూలు కూడికలు, తీసివేతలతో పంచుకునేది కాదు. బ్రేకు బలం ముందువెనుకలకు, మలుపు బలం పక్కకు పనిచేస్తాయి. రెండూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి బడిలో చదివిన పైథాగరస్ లెక్క వర్తిస్తుంది. మొత్తం పట్టు 10 పాళ్లనుకుంటే, తిరగడానికి 8 పాళ్లు ఖర్చవుతున్నా బ్రేకుకు 6 పాళ్లు మిగులుతుంది (64కు 36 కలిపితే 100). అంటే మలుపులో బ్రేకు మెత్తగా తాకితే కొంప మునగదు. భయపడి ఒక్కసారిగా తొక్కితేనే మునుగుతుంది. ఈ తేడా తెలియక, మలుపులో బ్రేకు ముట్టుకుంటే చాలు ప్రమాదమని నమ్మి, వేగం ఎక్కువైందని తెలిసినా బిగుసుకుపోయి నేరుగా వెళ్లిపోయేవారున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. బ్రేకు తొక్కగానే మన ఒళ్లు ముందుకు తూలినట్టే బండి బరువూ ముందు చక్రాల మీదికి వాలుతుంది. వెనక చక్రాలు తేలికపడతాయి. తిన్నని దారిలో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. మలుపులో మాత్రం తేలికపడిన వెనక చక్రాలు జారి, బండి వెనకభాగం బయటికి తిరిగిపోవచ్చు. వాన పడినప్పుడు ఘాట్ రోడ్డు మీద కొన్ని కార్లు అడ్డంగా తిరిగి ఆగి ఉండటానికి ఇదొక కారణం.

ఇక వేగం. కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం హెయిర్‌పిన్ మలుపు (దాదాపు వెనక్కే తిరిగిపోయే మలుపు) లోపలి వంపు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు ఉండాలి. అలాంటి మలుపుకు అనుకున్న కనీస వేగం గంటకు 20 కిలోమీటర్లు. మన లెక్కకు వ్యాసార్ధం 15 మీటర్లనుకుందాం. 20 కిలోమీటర్ల వేగంతో తిరగడానికి బండి బరువులో ఐదో వంతు పక్కబలం చాలు. 30 అయితే దాదాపు సగం కావాలి. 40 అయితే ఐదింట నాలుగు వంతులు దాటిపోతుంది. 20 నుంచి 40 అంటే వేగం రెండింతలే, కావలసిన పట్టు మాత్రం నాలుగింతలు. తడి రోడ్డు మీద 30తో ఆ మలుపులో దిగితే టైరు చేతిలో ఉన్నదంతా తిరగడానికే అయిపోతుంది, బ్రేకుకు పైసా మిగలదు. స్పీడోమీటరులో 20కీ 30కీ మధ్య ముల్లు కదిలేది కొంచెమే. ఘాట్ రోడ్డు మీద బతుకూ చావూ ఆ కొంచెంలోనే ఉన్నాయి.

ఆగడానికి పట్టే దూరమూ ఇలాగే పెరుగుతుంది. పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక 40 వేగానికి సుమారు 9 మీటర్లు, 60కి 20, 80కి 36 మీటర్లు కావాలి. తడి రోడ్డు అయితే 60కే 35 మీటర్లు. పైగా అడ్డు కనబడిన క్షణం నుంచి కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను, కొత్తవారికి సెకనున్నర పడుతుంది. 60 వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు గడిచిపోతాయి. ఆ 17 మీటర్లూ మన ప్రమేయం లేకుండా పోయేవే.

ఇవన్నీ కలిపి చూస్తే నా మాట ఒక్కటే. మలుపులో జరిగిందనుకునే తప్పు నిజానికి మలుపుకు ముందున్న తిన్నని దారిలోనే జరిగిపోతుంది. అక్కడ వేగం తగ్గించినవారికి మలుపులో చేయాల్సిన పని పెద్దగా ఉండదు. తగ్గించనివారు మలుపులో ఏం చేసినా అది నష్టం తగ్గించుకునే ప్రయత్నమే.

నా మేనకోడలి చేత నేను చేయించింది ఇది. మలుపు బోర్డు కనబడగానే యాక్సిలరేటరు వదలాలి. అద్దంలో వెనక ఎవరున్నారో చూడాలి. చక్రాలు తిన్నగా ఉండగానే బ్రేకు వేయాలి: మొదట మెత్తగా తాకి, బరువు ముందుకు సర్దుకోనిచ్చి, తర్వాత గట్టిగా నొక్కి, చివర మళ్లీ మెల్లగా వదలాలి. గేరు తగ్గించి, క్లచ్చు పూర్తిగా విడిచిపెట్టాకే స్టీరింగు తిప్పాలి. ఎక్కుతున్నప్పుడైతే మలుపంతా యాక్సిలరేటరు మీద కాలు తేలికగా, నిలకడగా ఉండాలి. దిగుతున్నప్పుడు ఇంజినే పట్టి ఉంచుతుంది, కాబట్టి తొందర అక్కర్లేదు. చక్రాలు తిరిగి తిన్నబడటం మొదలైనప్పుడే వేగం పెంచాలి. చదవడానికి చాలా పనులున్నట్టు అనిపిస్తుంది గానీ, ఖాళీ రోడ్డు మీద ఇరవై సార్లు చేస్తే చేతులూ కాళ్లూ వాటంతటవే చేసుకుపోతాయి.

క్లచ్చు మాట మళ్లీ చెప్పాలి. కొత్తవారిలో నాకు ఎక్కువగా కనబడేది ఆ పొరపాటే. ఇంజిను ఆగిపోతుందన్న భయంతో నేర్చుకునే రోజుల్లో బ్రేకుతోపాటు క్లచ్చు కూడా తొక్కడం అలవాటవుతుంది. ఊళ్లో పది కిలోమీటర్ల వేగంలో దానివల్ల హాని లేదు. ఘాట్ మలుపులో క్లచ్చు తొక్కి ఉంచితే ఇంజినుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అంతవరకు బండిని పట్టి ఉంచిన ఇంజిను వదిలేస్తుంది, వాలు లాగుతుంది, సరిగ్గా తిరుగుతున్న సమయంలోనే వేగం పెరుగుతుంది. ఆ కంగారులో బ్రేకు గట్టిగా తొక్కుతారు. మిగతా కథ పైన చెప్పిందే.

మలుపు ఎంత వంకరగా ఉందో ముందే ఎలా తెలుస్తుంది? దూరంగా చూస్తే రోడ్డు రెండు అంచులూ ఒకచోట కలిసినట్టు కనబడతాయి. ఆ చోటు మీద చూపు నిలపాలి. మనం ముందుకు వెళ్తున్నకొద్దీ అదీ ముందుకు జరుగుతుంటే మలుపు విప్పుకుంటోందని అర్థం. అది అక్కడే నిలబడి మనకు దగ్గరవుతుంటే మలుపు బిగుస్తోంది, వేగం ఇంకా తగ్గించాలి. కొండను చెక్కి వేసిన పాత మలుపుల్లో కొన్ని మొదట విశాలంగా కనబడి లోపలికి వెళ్లాక బిగుస్తాయి. అక్కడ ఈ చూపే కాపాడుతుంది. ఏ మలుపులోనైనా కనబడుతున్నంత దూరంలో ఆగగలిగే వేగమే మన వేగం. మధ్యగీత లేని సన్నని రోడ్డయితే ఆ దూరంలో సగంలోనే ఆగగలగాలి, ఎందుకంటే మిగతా సగం ఎదురుగా వచ్చేవారిది. గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండదారుల్లో వానల తర్వాత పొదలు రోడ్డు మీదికి పెరిగి ఈ చూపును సగానికి సగం కత్తిరిస్తాయి. మే నెలలో సరిపోయిన వేగం సెప్టెంబరులో సరిపోదు.

పందేల్లో కార్లు మలుపు బయటి అంచు నుంచి లోపలి అంచుకు, మళ్లీ బయటికి గీత గీసినట్టు వెళ్తాయి. ఫోనుల్లో ఆ వీడియోలు చూసి ఘాట్ మీద ప్రయత్నించే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె దడ. పందెం రోడ్డు మీద ఎదురు బండి రాదు. మన రోడ్డు మీద తప్పకుండా వస్తుంది. మన సగం దాటకూడదు, కుడివైపు మలుపులో ఎడమ అంచుకు దగ్గరగా ఉండాలి. ఎడమవైపు మలుపులో కొండను ఆనుకుని మరీ లోపలికి వెళ్లకుండా, అలాగని మధ్యగీత మీదికీ పోకుండా ఉంటే చూపు కాస్త ముందుగా తెరుచుకుంటుంది.

సాలూరు లారీల ఊరు. రాయపూర్ వైపు సరకు లారీలు తరాలుగా ఈ దారిన నడుస్తున్నాయి. పొడవైన లారీ మలుపు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. అందుకే డ్రైవరు ముందు చక్రాలను బయటికి, అంటే మన వైపుకు, విశాలంగా తెస్తాడు. అది అతని పొగరు కాదు, బండి పొడవు. హెయిర్‌పిన్ మలుపులో లారీ కనబడితే మలుపుకు ముందే ఆగి దారివ్వాలి. లారీకీ కొండకూ మధ్య ఖాళీ కనబడిందని దూరితే ఆ వెనక చక్రాలు ఖాళీని మూసేస్తాయి. సన్నని కొండదారిలో ఎక్కుతున్న బండికి దిగుతున్న బండి దారివ్వాలన్నది మన డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. నిండు లోడుతో ఎక్కుతున్న లారీ మధ్యలో ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో తెలిస్తే ఆ నిబంధన ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు సుమారు 120. మొత్తం మీద 750 మీటర్లు దిగాలి. వెయ్యి కిలోల కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తితో ఇరవై లీటర్లకు పైగా నీళ్లు మరిగించవచ్చు. ఆ వేడి ఎక్కడికో పోవాలి. గాలి తాకిడి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగతాది పంచుకునేవి ఇంజినూ బ్రేకులే. దిగినంతసేపూ బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే అదంతా డిస్కులకూ డ్రమ్ములకూ చేరుతుంది. లైనింగు కాలిన వాసన వస్తుంది, పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి, పాతబడ్డాక 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. పైపులో ఆవిరి బుడగ పుడితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, బ్రేకు పడదు. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించమని మెకానిక్కులు చెప్పేది ఇందుకే. కొండ మీద ఉండేవారు ఆ ఖర్చు దగ్గర పొదుపు చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి దిగుడు మొదలవకముందే గేరు తగ్గించాలి. ఏ గేరులో ఆ వాలు ఎక్కగలమో ఆ గేరులోనే దిగడం లారీ డ్రైవర్ల పాత లెక్క, కారుకూ పనికొస్తుంది. సుంకి దగ్గర చాలాచోట్ల రెండో గేరు, కాస్త తేలికైన వాలులో మూడు. ఇంజిను గట్టిగా మోగుతుంది, మోగనివ్వండి. దాని మీద వేగం పెరిగితే బ్రేకు కాసేపు గట్టిగా వేసి వేగం దించి పూర్తిగా వదిలేయాలి, చల్లబడటానికి సందివ్వాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారు, ఇంజినే ఆపేసి దిగేవారు కొందరున్నారు. ఇంజిను ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. పెట్రోలు ధర ఎంతైనా ఆ పని చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

బ్రేకు వాసన వస్తే విశాలమైన చోట పక్కకు ఆపి అరగంట ఆగాలి. వేడి డిస్కు మీద నీళ్లు పోయకూడదు, వంకర పోవచ్చు, పగలవచ్చు. వాలు కిందికి ఉంటే రివర్సు గేరులో ఉంచి చక్రం కింద రాయి పెట్టాలి. బయలుదేరేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు పక్కన పడేయాలి. మలుపు దాటగానే రోడ్డు మధ్యలో వదిలేసిన రాళ్లు రాత్రిపూట ఎన్ని మోటారు సైకిళ్లను పడగొడతాయో ఈ దారిలో తిరిగేవారికి తెలుసు.

మా తమ్ముడి ముందు బ్రేకు భయం గురించి. ద్విచక్ర వాహనం ఆగేటప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. దాన్ని మానేసి వెనక బ్రేకుతోనే నడిపేవారు ఆగాల్సిన దూరాన్ని చాలా పెంచుకుంటున్నారు. బండి నిటారుగా ఉన్నప్పుడు ముందు బ్రేకును నాలుగు వేళ్లతో క్రమంగా పిండినట్టు నొక్కితే పల్టీ కొట్టదు. బండి వాలి ఉన్నప్పుడు, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, ఇసుక మీద ఉన్నప్పుడు ఒక్కసారిగా పట్టుకుంటే మాత్రం ముందు చక్రం జారిపోతుంది. తప్పు బ్రేకుది కాదు, పట్టుకున్న సమయానిది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ దాటిన కొత్త మోటారు సైకిళ్లకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి.

కార్లలోని ఏబీఎస్ గురించీ ఒక మాట. చక్రం బిగుసుకుపోయి జారకుండా అది బ్రేకును సెకనులో చాలాసార్లు వదిలి పడుతుంది. పెడల్ కింద దడదడమంటుంది, భయపడి కాలు తీయకూడదు. దాని గొప్పతనం గట్టిగా బ్రేకు వేసినా స్టీరింగు పనిచేయడమే. గులకరాళ్ల మీద ఆగే దూరం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. దుప్పటి పొడవు ఏబీఎస్ పెంచదు, ఉన్నదాన్ని బాగా సర్దుతుంది.

రోడ్డు రోజుకోలా ఉంటుంది. తొలకరి వానకు, నెలల తరబడి పేరుకున్న దుమ్మూ నూనే కలిసి తారు మీద జిగటగా తేలతాయి. ఆ మొదటి అరగంట నాకు జోరు వానకన్నా ఎక్కువ భయం. మలుపుల్లో లారీ ట్యాంకుల నుంచి చిందిన డీజిల్ నల్లగా మెరుస్తుంది. కోతల తర్వాత రైతులు రాగులు రోడ్డు మీద పరిచి నూరుస్తారు, వాటి మీద బ్రేకు వేస్తే గోళీల మీద వేసినట్టే. పంట వారిది, ఆరబోసే కళ్లం లేక రోడ్డెక్కారు, కాబట్టి ముందే నెమ్మదించి దాటాలి. కుందులి సంత రోజున మలుపు అవతల మనుషులు, మేకలు, సైకిళ్లు ఉంటాయనుకునే తిరగాలి. శీతాకాలం ఉదయం పొట్టంగి దగ్గర పొగమంచు ఉంటే కనబడే దూరమే ఇరవై మీటర్లుండవచ్చు. పైన చెప్పిన లెక్కలో అది ఏ వేగానికి సరిపోతుందో చూసుకోండి.

ఇంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి వేగం ఎక్కువగా మలుపులోకి వెళ్తాం. చక్రాలు ఇంకా తిన్నగా ఉంటే గట్టిగా బ్రేకు వేసి, తిప్పడం మొదలయ్యేసరికి క్రమంగా వదలాలి. అప్పటికే తిరుగుతూ ఉంటే యాక్సిలరేటరు టక్కున వదలకుండా మెల్లగా తీయాలి, బ్రేకు తేలికగా తాకాలి, చూపు వెళ్లాల్సిన వైపు నిలపాలి. లోయను చూస్తే చేతులు లోయ వైపే తిప్పుతాయి. ముందు చక్రాలు జారుతున్నట్టుంటే స్టీరింగు ఇంకా తిప్పడం దండగ, కాస్త వెనక్కి తెచ్చి వేగం తగ్గితే పట్టు మళ్లీ దొరుకుతుంది. పెడల్ నేలకు దిగిపోతే మళ్లీ మళ్లీ వేగంగా తొక్కాలి, గేరు ఒక్కొక్కటిగా దించాలి, చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగాలి. తప్పనిసరైతే బండిని కొండ గోడకు రాయాలి, లోయ వైపు కాదు.

భోగి ముందురోజు ఉదయం ఎండ వచ్చాక బయలుదేరాం. సుంకి దాటాక మూడో మలుపు దగ్గర బోర్డు కనబడగానే ఆమె కాలు యాక్సిలరేటరు మీద నుంచి లేచింది. బ్రేకు, రెండో గేరు, క్లచ్చు వదలడం, హారన్. అవతల నుంచి హారన్ బదులు వచ్చింది. ఆమె తిప్పకుండా ఎడమ అంచున ఆపేసింది. పది చక్రాల లారీ మా ముందు నుంచే విశాలంగా తిరిగి పైకి పోయింది. క్లీనరు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆమె అద్దం చూసుకుని, మొదటి గేరు వేసి, మలుపు తిరిగింది.